ఎటు వాలింది?

"ఏమండీ, చెప్పులు మళ్ళీ తారుమారయ్యాయి," అంది భార్య.

పెద్దల్లుడు కిందికి చూసుకున్నాడు. నిజమే. కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి. స్ఫటికంలో అణువులు ఎటు వాలాయో లోకానికి చెప్పే శాస్త్రవేత్త వాలకం ఇదీ అని తనమీద తనకే నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పదకొండింటికి తగువు తేల్చే కమిటీ. ఓడినవాడు తన పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకోవాలి. పెద్దల్లుడి పేరు నలుగురికీ తెలిసిందే తన ఆ ఒక్క పత్రంతో.

అవతలి పక్షం పరాయివాడేం కాదు, సొంత తోడల్లుడు. మామగారింట్లో చిన్నల్లుడు. ఇద్దరిదీ ఒకటే ల్యాబ్, ఒకటే స్ఫటికం. దానిమీద ఎక్స్-రే పడితే తెరమీద చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్ని బట్టి లోపల అణువులు ఎలా కూర్చున్నాయో ఊహించుకోవాలి. వరసలు కుడికి వాలాయని పెద్దల్లుడు. కాదు, ఎడమకని చిన్నల్లుడు. విడ్డూరమేమిటంటే, రెండు లెక్కలూ ఆ చుక్కలతో ఆఖరి అంకెదాకా సరిపోయాయి.

దాంతో మాటలు పోయాయి, రాకపోకలు పోయాయి. మధ్యలో నలిగిపోయింది అక్కాచెల్లెళ్ళు.

కమిటీకి చూపించడానికి పెద్దల్లుడు బంతులూ పుల్లలూ గుచ్చి రెండు బొమ్మలు చేశాడు. తనది అద్దాల బీరువాలో పెట్టాడు. తోడల్లుడిది చెప్పుల స్టాండు మీద. దుమ్ము దులపడానికి తప్ప వాటిని ముట్టుకునే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు.

"మా చెల్లి మన గడప తొక్కి నాలుగేళ్ళయింది. మీ అణువులు ఎటు వాలితే మాకేంటండీ?" అంది భార్య, అట్టపెట్టెకి తాడు కడుతూ.

"నీకు చెప్పినా అర్థం కాదులే. బొమ్మలు సర్దావా?"

"కావాల్సింది పెట్టాను."

కమిటీ ముందు అరగంట దంచాడు. కళ్ళున్నవాడెవడూ ఎడమ అనడని తేల్చేశాడు. బొమ్మలు చూపిద్దామని పెట్టె విప్పితే లోపల ఒక్కటే ఉంది.

"ఇది ఎవరిది?" అని అడిగారు అధ్యక్షులవారు.

"నాది," అన్నాడు పెద్దల్లుడు, బల్లకి ఇటునుంచి చూసి.

"కాదండీ అన్నయ్యగారూ, అది నాది," అన్నాడు అటుపక్క కూర్చున్న చిన్నల్లుడు. నాలుగేళ్ళలో అతను పెద్దల్లుడితో నోరు విప్పి మాట్లాడిన మొదటి మాట.

పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. ఇంటికి ఫోన్ చేసి, తప్పు తనది కాదని అందరికీ తెలియాలి కనక స్పీకర్ పెట్టాడు.

"రెండో బొమ్మ ఏదే?"

"దులుపుతూ ఒకదాన్ని వెనక్కి తిప్పి పెడితే అచ్చం రెండోదే అయిందండీ, రెండూ ఒకటే అయినప్పుడు మోతెందుకని ఒక్కటే పెట్టాను," అంది భార్య.