వయసు చాలలేదు

మాచర్ల ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్న ఖమరున్ కూడా కరోనా టీకాకు చెయ్యి చాపింది. మా పేటలో ముస్లిం ఆడవాళ్లెవరు పోయినా ఆఖరి స్నానం చేయించేది తనొక్కతే.

"నలభై అయిదు దాటినోళ్లకేనమ్మా. నీకు ముప్పై ఎనిమిదేగా," అంది నర్సు.

"శవాలను కడిగేదాన్ని సిస్టరమ్మా."

"పైనోళ్లు ఆ పని లెక్కలోకి తీసుకోలా."

"అయితే ఏడేళ్లు పెంచి రాసుకో. ఏ ఆడదన్నా ఇట్టా అడుగుద్దా!" అని ఖమరున్ నవ్వింది.

నాది ఆమెకు వెయ్యమన్నాను. కుదరదన్నారు.

రంజాన్ వెళ్లిన వారానికి ఖమరున్ కరోనాతో పోయింది. కడగడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నీకు టీకా పడిందిగా ఖాలా, నువ్వెళ్లు," అన్నారు పేటలో ఆడవాళ్లు నాతో.

బిస్మిల్లా అని కుడి భుజం మీద నీళ్లు పోశాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.