చెప్పేవాడు కనబడని కథ

రచయిత మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఎదుటి కుర్చీ జరిగిన చప్పుడైంది.

హోటల్లో సగం బల్లలు ఖాళీగానే ఉన్నాయి. అయినా ఆ పెద్దమనిషి వచ్చి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యానని, ఖాళీ సీటు కనబడితే తన ప్రాణం ఊరుకోదని తనే చెప్పుకుని తనే నవ్వాడు.

రచయిత నవ్వలేదు.

మర్నాడూ అదే కుర్చీ. ఆ మర్నాడూ అంతే.

కండక్టరు నోటికి విశ్రాంతి ఉండేది కాదు. వానలో ఆగిపోయిన బస్సులు, సీటు కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళు, దిగాల్సిన చోట దిగకుండా గుర్రుపెట్టి నిద్రపోయినవాళ్ళు, అన్నీ ఆ బల్ల మీదికి వచ్చేవి. మధ్యమధ్య రచయిత సంగతులూ అడిగేవాడు. ఒంట్లో ఎలా ఉంది, నిద్ర పట్టిందా, ఇవాళేం రాశారు, అని.

రచయిత ముక్తసరిగా జవాబిచ్చి, చెయ్యి కడుక్కుని గదికి పోయేవాడు. ఒక మంచం, ఒక మేజా, గోడకి ఆనించిన పుస్తకాలు. మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడ మనిషి గొంతు వినబడేది కాదు.

ఆ గదిలో కూర్చునే ఆయన కండక్టరు మీద కథ రాశాడు.

కథలో ఒక ముసలివాడు రోజూ హోటల్‌కి వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఎదుట చేరి వాగుతుంటాడు. వాడు ఉండేది ఒంటిగది. వాడి మాట వినేవాళ్ళెవరూ లేరు. వాడి నస, వాడి నవ్వు, మంచినీళ్ళు తాగినప్పుడల్లా తడిసే వాడి మీసం, అన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి.

పత్రికలో రాగానే సంపాదకుడు ఫోన్ చేసి, పాత్రని కళ్ళకి కట్టావని మెచ్చుకున్నాడు.

ఆ వారమే కండక్టరు పత్రికని చంకలో పెట్టుకుని వచ్చాడు. రచయిత గబగబా తినడం మొదలుపెట్టాడు.

కండక్టరు మొహంలో కోపం లేదు. కథ బాగుందని, మీసం దగ్గర తనకే నవ్వొచ్చిందని అన్నాడు. తర్వాత అడిగాడు.

"ఈ కథ ఎవరు చెబుతున్నట్టు సార్?"

"ఎదురుగా కూర్చుని తినే మనిషి. ఆయన కళ్ళకి ఆనిందే కథ. దృష్టికోణం అంటారు దాన్ని."

"మరి ఆ మనిషి ఎలా ఉంటాడు? ఆయన గురించి ఒక్క ముక్కా లేదేం?"

"చెప్పేవాడు కనబడక్కర్లేదు."

"మనకి కనబడక్కర్లేదు, సరే. ముసలాడికి కనబడుతూనే ఉంటాడు కదా సార్. ఎదురుగానే కూర్చున్నాడాయె."

రచయితకి చురుక్కుమంది. కథలెలా రాయాలో పదిమందికి పాఠాలు చెప్పిన మనిషి ఆయన.

"రేపటి నుంచి మీరు వేరే బల్ల చూసుకోండి. నన్ను ప్రశాంతంగా తిననివ్వండి."

అనుకున్నదానికంటే గొంతు పెద్దదైంది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు.

కండక్టరు "అలాగే సార్" అని, కంచం పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

మర్నాటి నుంచి ఆయన గుమ్మం పక్క బల్లకి మారాడు. రావడం మాత్రం మానలేదు. రచయిత తలెత్తినప్పుడల్లా అక్కణ్ణుంచే తల ఊపేవాడు. రచయిత చూడనట్టు కంచంలోకి తల దించుకునేవాడు.

కొన్నాళ్ళకి ఆ బల్ల దగ్గర కూడా కనబడలేదు.

మొదట్లో రచయితకి హాయిగానే ఉంది. కొత్త కథ మొదలుపెట్టాడు. అది రెండు పేరాలు దాటి కదల్లేదు. తినేంతసేపూ గోడమీద పెచ్చులూడిన చోటుకేసే చూస్తున్నానని ఒకనాడు గమనించుకున్నాడు. గుమ్మంలో ఎవరి నీడ పడినా మెడ అటు తిరుగుతోంది.

చివరికి సర్వరుని అడిగాడు.

"ఆ పెద్దాయనా? పోయారండీ. ఎప్పట్నుంచో గుండె జబ్బట. ఈ వెనక వీధే, మూలమీద ఇల్లు."

రచయిత తినకుండానే లేచాడు.

దారి పొడుగునా ఆయన మనసులో తన కథలోని గదే మెదిలింది. తాళం వేసిన తలుపు, చల్లారిన పొయ్యి, పట్టించుకునేవాళ్ళు లేని మంచం. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందని చెప్పుకోవడానికి, కనీసం పక్కవాటా వాళ్ళయినా దొరికితే చాలనుకున్నాడు.

మూలమీది ఇంటి ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. మెట్లమీద మనవలు దెబ్బలాడుకుంటున్నారు. వంటింట్లో కోడళ్ళిద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నడిమి గదిలో ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునేంత పొడుగు బల్ల.

ఇల్లు తప్పానేమోనని రచయిత వెనక్కి తిరగబోయాడు. అంతలో గోడమీది ఫొటోలో కండక్టరు కనిపించాడు.

కండక్టరు భార్య వచ్చి, ఎవరు కావాలని అడిగింది.

"హోటల్లో పరిచయమండీ," అన్నాడు రచయిత.

ఆవిడ కూర్చోమంది. కోడలు మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. పెద్దాయనకి నలుగురితో కలిసి తినడమంటే ఎంత ఇష్టమో ఆవిడ చెప్పుకొచ్చింది. అలాంటి మనిషి కొంతకాలంగా మధ్యాహ్నం ఎంత పిలిచినా ఇంట్లో తినలేదని, డాక్టరు తిరగొద్దన్నాక కూడా ఆ హోటల్‌కి వెళ్ళడం మానలేదని కళ్ళు తుడుచుకుంది.



"అక్కడ ఎవరో ఒకాయన రోజూ ఒక్కడే తింటాడట, పలకరించే దిక్కయినా లేదట, ఆయన కోసమే వెళ్ళేవారు, మీకు కనబడితే, ఇకనుంచి మీరైనా కాస్త ఆయన ఎదురుగా కూర్చోండి బాబూ," అంది ఆవిడ.