వుకోత గారి బంక

క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్‌కి మాంటెనెగ్రో జట్టు బస్సు దిగుతుంటే, బీర్తె చూపు ఆటగత్తెల మీద నిలవలేదు. అందరి వెనకా దిగిన ముసలాయన వుకోత చంకలోని డబ్బా మీద నిలిచింది.

మేకబొచ్చు గుడ్డ చుట్టిన డబ్బా. అందులో పైన్ చెట్టు బంక.

హ్యాండ్‌బాల్‌లో వేళ్లకు బంక లేకపోతే బంతి సబ్బుముక్కలా జారిపోతుంది. ఆ బంక డబ్బాలు మోయడం, చొక్కాలు ఉతకడం డెన్మార్క్‌లోని వెస్టర్‌బీ జట్టులో ముప్పై ఒక్క ఏళ్లుగా బీర్తె పని. ఒక్కో డబ్బా అడుగున తన ఎర్ర గోళ్లరంగుతో నంబరు వేసుకుంటుంది. అయినా పోతూనే ఉంటాయి. పోయిన వారం మాంటెనెగ్రో నుంచి వచ్చాక తొమ్మిదోది కనపడకపోతే డిట్టెను పట్టుకుని దులిపేసింది. ఎడంచేత్తో గోల్స్ కొట్టడంలో డిట్టెకు ఎంత పేరో, వస్తువులు పారేసుకోవడంలోనూ అంతే పేరు.

"నేను కాదు బీర్తె, ఒట్టు" అంది డిట్టె.

"కాళ్లొచ్చి నడిచిపోయిందా మరి?"

ఆ మొదటి మ్యాచ్‌లో సగం ఆట దాకా డెన్మార్క్ పిల్లలదే పైచేయి. తర్వాత వుకోత గుడ్డ విప్పాడు. అంతే, ఆయన పిల్లల చేతుల్లో బంతి మాట వింది. వెస్టర్‌బీ నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు కాబట్టి, ఈరోజు ఐదు తేడాతో గెలిస్తేనే సెమీస్.

ఈ వేసవితో బీర్తె పని మానేస్తోంది. జట్టు మూడుసార్లు ఇక్కడి దాకా వచ్చి మూడుసార్లూ వెనక్కి తిరిగింది. సెమీస్ చేరిన ఫొటో తగిలించాలని హాలు క్యాంటీన్ గోడకు పద్దెనిమిదేళ్ల కిందట మేకు కొట్టింది. పని అయ్యాక ఆమె ఏప్రన్ తగిలించుకోవడానికే అది పనికొస్తోంది.

వుకోత కుర్రతనంలో ఆరేళ్లు ఇక్కడి పందిమాంసం ఫ్యాక్టరీలో పనిచేశాడు. డేనిష్ గడగడా మాట్లాడతాడు.

"ఆ చెట్టు మీద మూడుసార్లు పిడుగు పడింది చెల్లెమ్మా. నాలుగోసారి పిడుగే జడిసి పక్కకి పోయింది. కింద తోడేలు కాపలా. దానికి ముందు జున్ను పెట్టాలి, ఆ తర్వాతే గీరుకోవాలి."

"నిన్ను కరవదా?"

"మా ఆవిడను ఒకసారి చూసింది. అప్పట్నుంచి నా మీద దానికి జాలి."

"హంగరీ మ్యాచ్‌లో ఒక వాసనట, నార్వే మ్యాచ్‌లో ఇంకో వాసనట మీ బంక. అందరూ అంటున్నారు."

"కొండ కదమ్మా. దాని బుద్ధి ఎప్పుడూ ఒకేలా ఉంటుందా?"

సగం ఆట అయ్యేసరికి వెస్టర్‌బీ ఒక్క గోల్ ముందుంది. ఒక్కటి ఏ మూలకి? బీర్తె మేకు వైపు చూసింది. తర్వాత అవతలి బెంచీ వైపు చూసింది. అమ్మాయిలంతా లోపలికి వెళ్లారు. వుకోత ఒక్కడే డబ్బా పక్కన కూర్చున్నాడు.

"కాఫీ దొరుకుతుందా చెల్లెమ్మా?"

"క్యాంటీన్‌లో ఉంది. దాల్చినచెక్క రొట్టె కూడా ఉంది."

"డబ్బా ఇక్కడే ఉంటుంది మరి. ఫరవాలేదు కదా?"

"రోడ్డు పక్కన అమ్మకానికి గుడ్లు పెట్టి, చిల్లర వెయ్యడానికి ముంత పెట్టి వెళ్లిపోయే దేశం ఇది" అంది బీర్తె. ఆ మాట అంటుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అదే కదా నాకు నచ్చేది" అని ఆయన వెళ్లాడు. క్యాంటీన్ గుమ్మంలో ఇటు వీపు పెట్టి నిలబడి, కప్పులో మూడు చెంచాల చక్కెర వేసుకుని, అది కరిగాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

బీర్తె ఏప్రన్ కింద డబ్బాతో పిల్లల గదిలోకి జొరబడింది.

"వేళ్లు పెట్టండి. ఎవరిదని అడక్కండి."

డిట్టె గుడ్డ చూసి గుర్తుపట్టింది. మూత తీసి వాసన చూసింది. "అబ్బ, ఏం వాసన బీర్తె. మన బంక దీని ముందు పనికొస్తుందా?"

రెండో సగంలో వెస్టర్‌బీ పిల్లలు ఆడిన ఆట ఆ ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. ఒక బంతి గోల్‌లో పడ్డాక కూడా సిగ్గుపడి రెండు నిమిషాలు బయటికి రాలేదట. నమ్మితే నమ్మండి. వుకోత జేబులోంచి ఇంకేదో డబ్బా తీసి తన పిల్లలకిచ్చాడు కానీ, ఏం లాభం? ఆఖరి క్షణంలో డిట్టె గాల్లోకి లేచి, పడుతూ పడుతూ కొట్టింది. ఐదు గోల్స్ తేడా.

హాలు ఊగిపోతుంటే బీర్తె మాత్రం తలొంచుకుంది. వుకోత తానే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నీ డబ్బా..." అని ఆమె నసిగింది.

"ఉంచుకో చెల్లెమ్మా. న్యాయంగా నీ దగ్గరే ఉండాలి."

ఎంత పెద్దమనిషి అనుకుని బీర్తె కళ్లు తుడుచుకుంది. బస్సు కదిలేటప్పుడు ఆయన చేతిలో దాల్చినచెక్క రొట్టెలు డజను పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మేకు మీదికి ఫొటో ఎక్కింది. కింది అరలో ఆ డబ్బాను కూడా పూజకు పెట్టినట్టు పెడదామని, ఎండి అంటుకుపోయిన మేకబొచ్చు గుడ్డను బీర్తె మెల్లగా ఊడదీసింది. అడుగంతా నల్లటి జిడ్డు. బంక వదలాలంటే వెన్న రాయాలి. బొటనవేలితో వెన్న రాసి రుద్దింది, ఇంకాస్త రుద్దింది.

జిడ్డు కింద నుంచి, తన గోళ్లరంగుతో తానే వేసుకున్న ఎర్ర తొమ్మిది బయటపడింది.