వెనక సీటు

ఎరువుల దుకాణం కాటా మీద నిలబడి భద్రు ఊపిరి బిగబట్టాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నూట పన్నెండు దగ్గర ఆగాయి.

“సరిగ్గ రెండున్నర యూరియా బస్తాలు సార్,” అన్నాడు దుకాణం తిరుపతి.

భద్రు నవ్వాడు. టేకులపల్లి మండలాఫీసులో అతను జూనియర్ అసిస్టెంట్. ఇలాంటి మాటలు చిన్నప్పటి నుంచీ పడుతున్నవే. కానీ ఆ రోజు నవ్వు నిజంగానే వచ్చింది. పొద్దున అన్నం పెడుతూ భార్య కవిత అన్న మాట అలాంటిది.

పెళ్లయి తొమ్మిదేళ్లు. కొత్తలో ఒకసారి బస్టాండ్ దగ్గర ఆమె అతని బండి ఎక్కబోయింది. వెనక సీటు మీద కూర్చునే జాగా మిగల్లేదు. చుట్టూ జనం నవ్వారు. ఆమె దిగి ఆటోలో వెళ్లిపోయింది. అప్పటి నుంచి సంతకైనా, పెళ్లికైనా ఆమె ఆటోలో, అతను వెనకాల బండి మీద. ఇంట్లోనూ ఇద్దరి మధ్య అంతే దూరం.

అలాంటి కవిత అంది: “నువ్వు ఎనభై కిలోలకు రా. నీ వెనక కూసొని భద్రాచలం దాటి మారేడుమిల్లి ఘాట్ దాకా వస్త. మనిద్దరమే.”

వారం తిరక్కుండా బండి కూడా వచ్చింది. పంపింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కవిత తమ్ముడు గోపాలు. బావ కనిపిస్తే చాలు ‘లారీ వస్తుంది, జరగండి’ అని నవ్వించేవాడు. అలాంటివాడు ప్రాణంగా చూసుకునే బుల్లెట్‌ను పంపి ఫోన్ చేశాడు.

“నేను ఈ నడుమ నడుపుతలేను బావా. నువ్వే ఉంచుకో.”

బండితో పాటు కొత్త హెల్మెట్ ఉంది. దాని వెనక ఎర్ర రంగుతో ‘బీ నెగెటివ్’ అని రాసి ఉంది. రైడర్లందరూ బ్లడ్ గ్రూప్ అలా రాయించుకుంటారట. బావ గ్రూప్ ఏదో అక్కనడిగి మరీ రాయించాడంటే భద్రుకు కళ్లు చెమర్చాయి.

మర్నాటి నుంచి కవిత అతన్ని ఐదింటికే లేపేది. అడవి దారిలో నాలుగు కిలోమీటర్ల నడక. తర్వాత గుంజీలు. నూనె డబ్బా వంటింట్లోంచే మాయమైంది.

“బీరు ఒక్క గుటక తాగినా నీ బండెక్క,” అంది. భద్రు ఆ రోజే మానేశాడు.

మోకాళ్లు వాస్తే వేడినీళ్ల కాపడం పెట్టేది. ఆమె చేయి తగిలి ఎన్నేళ్లయిందో! నొప్పి తగ్గినా రెండు రోజులు ఎక్కువే కుంటాడు భద్రు.

మొదట్లో గుండాల దారిలో వాగు దగ్గర బండి పడితే ఎత్తడానికి ముగ్గురు రావాల్సి వచ్చింది. మూడో నెలకు తనే ఎత్తాడు. రాళ్ల దారిలో ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి నడపడం వచ్చింది. గంట కాగానే పట్టేసే నడుము మూడు గంటలైనా నొప్పి అనడం లేదు.

ప్రతి ఆదివారం గోపాలు ఫోన్.

“ఎంతకొచ్చినవ్ బావా?”

“తొంభై నాలుగు.”

“ఇంకా తొంభై నాలుగేనా?” తనకంటే బామ్మర్దికే బాధ ఎక్కువ.

బరువు అక్కడే నెల రోజులు ఆగిపోయింది. ఆ కోపంలో భద్రు ఆఫీసు మిత్రుడు తబ్రేజ్ ఇంట్లో దావత్‌కు పోయి కడుపు నిండా బిర్యానీ తిన్నాడు. కవితకు తెలిసింది. తిట్టలేదు. కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

“నీకు తిండే ఎక్కువైందా? టైం లేదు మనకు!”

“దేనికి టైం లేదే?”

కవిత కొంగుతో ముఖం తుడుచుకుంది. “వానలు పడితే ఘాట్ బంద్ పెడ్తరు.”

తన కోసం ఇలా ఏడ్చినవాళ్లు భద్రుకు ఇంతవరకూ లేరు. ఆ తర్వాత అతను అన్నం ముద్ద కూడా లెక్కపెట్టుకుని తిన్నాడు.

జూన్ మొదటి వారంలో కాటా డెబ్బై తొమ్మిదిన్నర చూపించింది. తిరుపతి నమ్మలేక మళ్లీ ఎక్కమన్నాడు.

మరుసటి పొద్దున కవిత బండెక్కింది. రెండు చేతులూ అతని నడుము చుట్టూ వేసింది. టేకు చెట్ల మధ్య నుంచి చల్లగాలి కొట్టింది.

“ముందు ఖమ్మం పోదాం,” అంది చెవి దగ్గర. “ఘాట్ ఎక్కేముందు ఒకసారి అన్ని టెస్టులు చేయించుకో. నాకు భయం.”

ఖమ్మం ఒక దిక్కు, భద్రాచలం ఇంకో దిక్కు. అయితేనేం, ఆమె వెనక ఉంటే ఏ దారైనా అతనికి ఒకటే.

దవాఖానాలో రక్తం తీశారు. కడుపంతా స్కానింగ్ చేశారు. రిపోర్టులు వచ్చేలోపు భద్రు వెళ్లి ట్యాంకు నింపించాడు. వస్తూ వస్తూ రెండు మూరల మల్లెలు కొన్నాడు.

వరండా చివర కవిత అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతోంది. చేతిలో రిపోర్టులు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భద్రు పూలు వెనక దాచుకుని, చప్పుడు చేయకుండా దగ్గరికి నడిచాడు.

“ఏడ్వకు తమ్మీ,” అంటోంది కవిత. “ఆయనతోని సంతకం నేను పెట్టిస్త. నా మాట దాటడు. మీ బావ లివర్‌కు పట్టిన కొవ్వంత కరిగిందట, ఇగ సగం కోసి నీకు పెట్టొచ్చంట!”