బాల్కనీలో గాలం

లీదియా బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. ఏనాడూ లేనిది, భర్త స్టీఫెన్ క్లిప్పుల బుట్ట పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"ఎంత సాయం చేసినా నా మాట మారదు," అంది ఆమె అతనివైపు చూడకుండానే. "మీ ఆఫీసు మధుకర్ బయల్దేరిండట. గాలాలు, రాడ్లు మొత్తం ఇచ్చెయ్."

"మొత్తమా? ఒక్క రాడ్ ఉంచుకుంటాను లీదియా."

"ఏడాదాయె. ఒక్క చేపన్న ఈ ఇంట్ల అడుగు పెట్టిందా?"

"చేపకి అడుగులెక్కడివి?"

లీదియా నవ్వు బిగబట్టుకుంది. తన తెల్ల నర్సు యూనిఫాం దులిపి, గ్రిల్ బయట కట్టిన తీగకు కాలర్ ఆనించి పట్టుకుంది. స్టీఫెన్ బుట్టలోంచి ఎర్ర క్లిప్పు అందించాడు.

"ఒక్కటి చాలు. మిగతావి దుప్పట్లకి కావాలి," అన్నాడు.

బుట్ట అక్కడ పెట్టి హాల్లోకి వెళ్లాడు. వారం రోజులుగా డైనింగ్ టేబుల్ అతని సామానుదే. సముద్రంలో వాడే లావు రాడ్, చెరువులో వాడే సన్న రాడ్, వాటి రీళ్లు, సీసం గుళ్లు, డబ్బా నిండా రంగురంగుల ప్లాస్టిక్ చేపలు. అన్నం మాత్రం ఇద్దరూ సోఫాలో కూర్చుని తింటున్నారు.

"పోనీ, చెరువు రాడ్ ఒక్కటీ ఉంచుకోనా?" అక్కడినుంచే బేరం మొదలుపెట్టాడు. "దీని దారం ఎంత సన్నమనుకున్నావ్! చేప కంటిక్కూడా కనపడదు."

"చేపకు దారం కనపడదు. నీకు చేప కనపడదు. సరిపోయింది."

"కనపడక కాదు. పడినట్టే పడి జారిపోతాయి."

"అవి జారుడు కాదు, నీ ముడి ఊడుడు! ఖాజాగూడ చెరువుల చేపలన్నీ నీ గాలాలే ముక్కుపుడకలు చేసుకొని తిరుగుతున్నయ్."

ఆ మాట నోట్లో ఉండగానే టప్పుమని చప్పుడైంది. లీదియా తిరిగి చూసేసరికి తీగ మీద యూనిఫాం లేదు. కింది ఫ్లాటు సన్‌షేడ్ మీద తడిముద్దలా పడి ఉంది.

"అయ్యో ప్రభువా! సాయంత్రం డ్యూటీకి అదొక్కటే ఉంది. ఇంకోటి టైలర్ దగ్గర పడుంది!"

కింది ఫ్లాటుకు తాళం. అక్కడుండే కనకలక్ష్మి గారు భీమవరం వెళ్లారు. వాచ్‌మన్ నర్సయ్య కిందనుంచి తల ఎత్తి చూసి, "మన నిచ్చెన అందదమ్మా," అని చేతులెత్తేశాడు.

"నేను తీస్తాను," అన్నాడు స్టీఫెన్.

లీదియా అతన్ని ఎగాదిగా చూసింది. వేరే దారి కూడా లేదు.

"ఏదో ఒకటి తే. జల్ది!"

"ఏదో ఒకటి కుదరదు. తడిబట్ట బరువు. చెరువు దారమైతే పుటుక్కున తెగుతుంది." లావు రాడ్ తీసుకున్నాడు. డబ్బాలోంచి నీలం రంగు ప్లాస్టిక్ చేప తీసి, "ఇది తగిలించనా?" అన్నాడు.

"యూనిఫాం ఎర తింటదా స్టీఫెన్!"

చేప మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. మూడు కొక్కేల గాలం బయటికి వచ్చింది. గాలికి ఊగకుండా దానిపైన ఓ సీసం గుండు చేర్చాడు.

"ముడి నువ్వు ఎయ్యకు. ఇటియ్యి." ఆపరేషన్ థియేటర్లో వేసే ముడి వేసి ఇచ్చింది లీదియా.

స్టీఫెన్ గ్రిల్ సందులోంచి రాడ్ బయటికి చాచి గాలం వదిలాడు. ఏదో తగిలింది. గబగబా చుట్టాడు. దుమ్ము పట్టిన లుంగీ వచ్చింది.

"ఇది నాదే! పోయిన ఉగాదికి మాయమైంది!"

"తర్వాత సంబరపడుదువు గాని, మళ్లీ ఎయ్యి!"

ఎదురు బ్లాకు బాల్కనీల్లో జనం చేరారు. "సారూ, జర ఎడమకి!" అని కిందనుంచి నర్సయ్య అరిచాడు. లీదియా భర్త చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. గాలం కాలర్‌కు తగులుకుంది.

"తొందరపడకు. మెల్లగ... మెల్లగ... వచ్చె, వచ్చె, వచ్చె!"

యూనిఫాం చేతికి అందగానే ఎదురు బ్లాకంతా చప్పట్లు కొట్టింది. లీదియా అందరికంటే గట్టిగా నవ్వింది. అప్పుడే బెల్ మోగింది.

"మధుకర్ అన్నా, ఏమనుకోకు," తలుపు తీస్తూనే అంది. "ఇచ్చుడు లేదు. ఇంట్లకు అక్కరకొస్తున్నయ్."

"ఒక్కటి కూడానా?" మధుకర్ మొహం చిన్నబోయింది.

"రెండూ ఉంటయ్. కూసో, చాయ్ తాగి పో."

"చాయ్ నేను పెడతాను," అంటూ స్టీఫెన్ ఈల వేసుకుంటూ వంటింట్లోకి దూరాడు.

లీదియా యూనిఫాంను మళ్లీ జాడించి తెచ్చింది. "ఆ ఎర్ర క్లిప్పు ఏది?"

వంటింట్లో ఈల ఆగింది. "అది కింద పడిపోయుంటుంది. వేరేది పెట్టు."

డైనింగ్ టేబుల్ పక్కనుంచి పోతుంటే ఆమె కాలికి ఏదో గుచ్చుకుంది. వంగి తీసింది. "ఇగో, ఇక్కడుంది! గ్రిల్ బయట పెట్టింది ఇంట్లకెట్ల వచ్చె?" అంటూ దాన్ని పట్టుకుని బాల్కనీ వైపు నడిచింది.

టేబుల్ మీద సన్న రాడ్ రీలు కిర్రుమంటూ దానంతటదే తిరిగింది.

ఆమె ఆగింది. రీలు ఆగింది. ఇంకో అడుగు వేసింది. కిర్రుమంది. క్లిప్పును కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఒక్కసారి గట్టిగా గుంజింది.

"ఈ ముడి మాత్రం ఊడలే," అంది.

స్టీఫెన్ చాయ్ కప్పులు టేబుల్ మీద పెట్టి, రాడ్లు రెండూ తెచ్చి మధుకర్ ఒళ్లో పెట్టి, చెప్పులు తొడుక్కుని, ఇంట్లోంచి బయటికి నడిచాడు.