అరవై మూడు మలుపులు

"ఇవాళ నువ్వు తోలతావా?" అంటూ ఎక్స్‌రే అనే స్నేహితుడు బండి తాళం అందించేసరికి, ఇంజిన్ ఇంకో బ్రెడ్డు ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

లాడ్జి ముందు రెండు మోటార్‌సైకిళ్లు మంచుకు తడిసి నిలబడి ఉన్నాయి. ఎదురుగా కొండ, దాని మీదకు మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు. చిన్ననాటి స్నేహితులు నలుగురు, నాలుగు రోజుల ప్రయాణం. ఒక బండిని టైలరు, లెక్కల మాస్టారు వంతులేసుకుని నడుపుతున్నారు. రెండో బండి ఎక్స్‌రేది. వాడు వేరే ఊళ్లో ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మిగతావాళ్లను కలిసి పదేళ్లయింది. వాడి వెనక సీటు ఇంజిన్‌ది.

ఇంజిన్ అన్నది స్నేహితులు పెట్టిన పేరు. అతడు ఇరవై రెండేళ్లుగా మోటార్‌సైకిల్ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ మీద ఉన్నాడు. బండి చప్పుడు వింటే చాలు, ఏ పార్టు అరిగిందో చెప్పేస్తాడు. తలపండిన మెకానిక్కులు కూడా వచ్చి సలహా అడుగుతారు. అతడు ఎవరికీ చెప్పని సంగతి ఒక్కటే. అతడికి బండి నడపడం రాదు.

పద్దెనిమిదో ఏట మొదటిసారి ఎక్కి, క్లచ్ వదిలి, నేరుగా వెళ్లి పోస్ట్‌మ్యాన్ సైకిల్‌ను గుద్దాడు. ఆ తర్వాత హ్యాండిల్ పట్టుకుంటే చాలు, చేతులు వణికేవి. ఇల్లు షాపు పైనే కావడంతో బండి అవసరమూ రాలేదు, గుట్టూ బయటపడలేదు. పైగా కుర్రతనంలో తాను దాటిన కొండదారుల గురించి కౌంటర్ దగ్గర కోతలు కోసేవాడు. కోసీ కోసీ అవన్నీ నిజంగా జరిగినట్టు తనకే అనిపించేది. భార్యకు మాత్రం అన్నీ తెలుసు. బయల్దేరేటప్పుడు ఆవిడ, సరదాకి వెళ్తున్నారు, అక్కడైనా నిజం చెప్పేసి హాయిగా తిరిగి రండి అంది. చెబితే ఇంకేముంది, ఇరవై రెండేళ్ల పరువు ఒక్క పూటలో గంగపాలవుతుంది.

మొదటిరోజు మణికట్టు బెణికిందన్నాడు. ఈ రోజుకు కొత్త సాకు కావాలి.

"నీ బండి నీ చేతికి అలవాటైపోయిందిరా. నేను పట్టుకుంటే అలుగుతుంది" అన్నాడు.

ఎక్స్‌రే ఒక్క క్షణం అతడి మొహంలోకి చూసి, తాళం వెనక్కి తీసుకున్నాడు.

వాడు నిదానంగా, నిటారుగా కూర్చుని నడిపేవాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ తల కాస్త వెనక్కి తిప్పి, ఎలా తిప్పాను అని అడిగేవాడు. ఇంజిన్ గొంతు సవరించుకుని, బాగానే ఉంది కానీ గేరు ఇంకాస్త ముందే తగ్గించమనేవాడు. తర్వాతి మలుపులో వాడు అక్షరాలా అలాగే చేసేవాడు. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎక్స్‌రే పెట్టే ఫొటోలు అందరూ చూసినవే. తోలు జాకెట్టు, నల్లకళ్లద్దాలు, స్టాండు వేసిన బండి మీద ఠీవిగా వాడు. అంతటి వాడు తనను అడగడమేమిటి? వీడికి అనుమానం వచ్చింది, నాకు పరీక్ష పెడుతున్నాడు అనుకున్నాడు ఇంజిన్.

అయితే ఆ కొండల్లో భయం ఎంతోసేపు నిలిచేది కాదు. ఓ మలుపు తిరిగితే జలపాతం తుంపర మొహాన కొట్టేది. ఇంకో మలుపులో గొర్రెల మంద అడ్డం తగిలి అరగంట కదలనిచ్చేది కాదు. మాస్టారు మలుపులన్నీ పైకే లెక్కపెట్టి, మొత్తం అరవై మూడని తేల్చాడు. టైలరు ప్యాంటు అడుగున చిరిగితే, బండరాయి వెనక కూర్చుని తనే కుట్టుకుంటూ, ఊరందరికీ కుట్టిన చేతులకు ఈ గతి పట్టిందని వాపోయాడు. నలుగురూ కడుపుబ్బ నవ్వారు. ఇన్నేళ్లూ చెప్పిన అబద్ధాల్లోనే ఇప్పుడు నిజంగా తిరుగుతున్నట్టుంది ఇంజిన్‌కు. ఇంత సంతోషం అతడు ఎరగడు.

మూడో రోజు ఎక్స్‌రే తాళం అందించినప్పుడు, "నువ్వింత బాగా తోలుతుంటే నేనెందుకురా" అన్నాడు ఇంజిన్. వాడి మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం టీ తాగుతూ వాడు మిగతా ఇద్దరితో, ఇంజిన్ వస్తేనే నేనూ వస్తానని మొదటే చెప్పాను, వీడు వెనకుంటే ఆ ధైర్యమే వేరు అన్నాడు. ఇంజిన్‌కు టీ చేదెక్కింది. ఇంత నమ్మినవాణ్ని మోసం చేస్తున్నానని సిగ్గేసింది.

నాలుగో రోజు కొండ దిగేశారు. టైలరు బండి ముందు వెళ్లిపోయింది. ఎక్స్‌రే మైలురాయి దగ్గర ఆపి, మళ్లీ తాళం అందించాడు.

"ఘాట్ అయిపోయింది. ఇక చదును రోడ్డే. ఇంటిదాకా నువ్వు తోలు."

ఇంజిన్ దగ్గర సాకులు అయిపోయాయి. అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది.

"నాకు బండి రాదురా."

"ఏ బండి?"

"ఏ బండీ రాదు."

పోస్ట్‌మ్యాన్ సైకిల్ దగ్గర్నుంచి మణికట్టు బెణుకు దాకా అంతా చెప్పేశాడు. ఎక్స్‌రే హెల్మెట్ తీశాడు. వెనక్కి తిరిగి, దిగి వచ్చిన కొండను పైనుంచి కిందిదాకా చూశాడు. మైలురాయి మీద కూలబడి సీసాడు నీళ్లూ గటగటా తాగేశాడు.

"మరి గేరు ముందే తగ్గించమన్నావు?"

"మెకానిక్కులు అనుకుంటుంటే విన్నాను."

"మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దన్నావు?"

"అదీ విన్నదే."

ఎక్స్‌రే మొహం అరచేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఇంజిన్ కంగారుగా దగ్గరకెళ్లి చూస్తే, వాడు ఊపిరాడకుండా నవ్వుతున్నాడు.

"కోపం రాలేదా?" అని అడిగాడు ఇంజిన్.

ఎక్స్‌రే కళ్లు తుడుచుకున్నాడు.

"నేను బండి నేర్చుకుని పన్నెండు రోజులైందిరా."