రాత్రి కంచం

మా ఆయనకు సీలియాక్ జబ్బని, ఇక గోధుమ పొడి కూడా తగలొద్దని ఖమ్మం డాక్టర్ చెప్పి వారమైంది. అప్పటినుంచి ఇల్లు కడుగుతూనే ఉన్నాను. చపాతీ పీట, కర్ర పక్కింటికిచ్చేశాను. గోధుమపిండి కలుపుతారని తెలిసి ఇంగువ పారేశాను. గిర్నీలో ఎవరూ గోధుమలు పోయకముందే వెళ్లి జొన్నలు పట్టించుకొచ్చాను.

ఈ రాత్రి ఆయనకు వేడన్నం వడ్డించాను. షుగర్ ఉన్నదాన్ని కాబట్టి నాకు జొన్నరొట్టె.

ఆయన అన్నం ముట్టలేదు.

"తినవేందయ్యా? ఆరేండ్ల సంది రాత్రయితే చపాతీలే కావాలంటివి. ఒత్తలేక నా రెక్కలు పోయినయి."

"చపాతీలంటే నాకేం ఇష్టం, సుగుణా? ఆరేండ్ల కింద షుగరని డాక్టర్ నీకు రాత్రి అన్నం వద్దన్నడు. నా కంచంల అన్నం చూస్తే నీ పాణం గుంజదా?"

చపాతీ తిన్న రాత్రులు ఆయన కడుపు పట్టుకుని దొర్లడం గుర్తొచ్చింది. గ్యాస్ అనుకునేవాళ్లం.

"గుంజితే గుంజనీ. నువ్వు తిను" అన్నాను.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆ అన్నం వైపే చూస్తూ కూర్చున్నాను.